కొరియన్‌లో వాక్యం ముగించాలంటే ముందు ఎదుట ఉన్నదెవరో తేలాలి

నువ్వు అడిగినవి మూడు. డ్రామాల్లో కలిసిన రెండో నిమిషంలోనే వయసు ఎందుకు అడుగుతారు, ఒప్పా అంటే అన్నయ్యా లవరా, కొరియన్ భాషలో కొరియా సమాజం మొత్తం కనబడుతుందంటారు కదా అది నిజమా లేక ఊరికే యూట్యూబ్ కబుర్లా. నేను ఎనిమిదేళ్లు దక్షిణ కొరియాలో ఛాంగ్‌వన్ వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసి వచ్చా, ఇప్పుడు పెనుకొండ దగ్గర ఒక విడిభాగాల కంపెనీలో ఇంటర్‌ప్రెటర్‌ని, రోజంతా ఈ చెవిలో కొరియన్ ఆ చెవిలో తెలుగు, కాబట్టి పుస్తకంలో ఉన్నదానికన్నా నోట్లో నలిగిందే చెప్తా.

ముందు వయసు సంగతి. మనలాగే కొరియన్‌లో కూడా క్రియ వాక్యం చివర్లో వస్తుంది, ఆ క్రియకి తోక ఉంటుంది, ఆ తోకలో ఎదుటివాడికి నువ్వు ఇచ్చే మర్యాద ఉంటుంది. తోక తగిలించకుండా వాక్యం పూర్తి కాదు. తోక ఏది పెట్టాలో తెలియాలంటే వాడు నీకన్నా పెద్దో చిన్నో తెలియాలి. అంతే, అందుకే అడుగుతారు, కుతూహలం కాదు, గ్రామర్ అవసరం. "తిన్నావా" అన్న ఒక్క ముక్కనే ఫ్రెండ్‌ని అయితే "బప్ మొగొస్సొ" అంటావు, కొత్తవాళ్లనీ ఆఫీసు వాళ్లనీ "షిక్సా హష్యొస్సొయో" అంటావు, ఇంట్లో తాతయ్యని అయితే అన్నం అనే మాట కూడా మారిపోయి "చింజి చప్సుష్యొస్సొయో" అవుతుంది. మూడింట్లో క్రియా వేరు, అన్నం మాటా వేరు. మర్యాద మాటని జొందెన్మల్ అంటారు, చనువు మాటని పన్మల్ అంటారు. పన్మల్ అంటే అచ్చంగా సగం మాట అని.

మన తెలుగువాళ్లకి ఇది తమిళ తమ్ముళ్లకన్నా తొందరగా ఎక్కుతుందని నా అనుమానం (గొడవకి రాకండి), ఎందుకంటే మనకి "అండి" ఉంది. చూడు, "మా నాన్నగారు వచ్చారండి" అన్నప్పుడు రెండు మర్యాదలు ఉన్నాయి, "వచ్చారు" నాన్నకి, "అండి" వింటున్నవాడికి. "మా తమ్ముడు వచ్చాడండి" అంటే తమ్ముడికి ఏమీ లేదు, వినేవాడికి మాత్రం ఉంది. కొరియన్‌లో అచ్చం ఇదే లెక్క, క్రియ మధ్యలో దూరే "షి" ఎవరి గురించి మాట్లాడుతున్నామో వాళ్లకి, చివర "యో" ఎవరితో మాట్లాడుతున్నామో వాళ్లకి. నేను క్లాస్ చెప్పినప్పుడు ఈ ఒక్క ముక్క చెప్తే మనవాళ్ల మొహాలు వెలిగిపోతాయి, ఇంగ్లీషు పుస్తకంలో దీనికి రెండు చాప్టర్లు పెడతారు.

కానీ సగం తెలిసినట్టుండటమే కొంప ముంచుతుంది, నాకు మునిగింది. వెళ్లిన మూడో వారంలో మా సెక్షన్ పెద్దాయన్ని "మీరు" అని మర్యాదగా పిలుద్దామని డిక్షనరీ చూసి "తంగ్‌షిన్" అన్నా. లైన్ మొత్తం సైలెంట్ అయిపోయింది. తంగ్‌షిన్ అనేది డిక్షనరీలో మర్యాదే, నోట్లో మాత్రం మొగుడూపెళ్లాల మధ్యన వాడతారు లేదంటే రోడ్డు మీద కార్లు గుద్దుకున్నప్పుడు కాలర్ పట్టుకునే ముందు వాడతారు. పెద్దవాళ్లకి వాడగల "మీరు" అనే మాట కొరియన్‌లో లేదు, లేదంటే లేదు. హోదా పేరు పెట్టి పిలవాలి, సెక్షన్ పెద్దైతే క్వాజంగ్‌నిమ్, డిపార్ట్‌మెంట్ పెద్దైతే బూజంగ్‌నిమ్, బయట షాపు ఓనరైతే సాజంగ్‌నిమ్, ఆ చివరి నిమ్ మన గారు లాంటిది. "మేనేజరుగారు భోంచేశారా" అని ఆయన మొహం మీదే మూడో మనిషి గురించి అడిగినట్టు అడగాలి. ఆలోచిస్తే మనం కూడా పల్లెల్లో "రెడ్డిగారు ఎటు బయల్దేరారు" అంటాం కదా ఆ టైపు. ఆ సెక్షన్ పెద్దాయన ఏమీ అనలేదులే, పక్కనున్న కుర్రాడు లంచ్‌లో చెవిలో చెప్పాడు.

చింగు, అంటే ఫ్రెండ్ అనే మాట ఇంకో ఉచ్చు. అక్కడ చింగు అంటే దాదాపు ఒకే ఏడు పుట్టినవాడనే అర్థం. నాకన్నా నాలుగేళ్లు పెద్దవాణ్ణి, రోజూ కలిసి తాగేవాణ్ణి, నా చింగు అని పరిచయం చేస్తే వాడే నవ్వాడు. వాడు హ్యొంగ్, అన్న. రెండేళ్లు చిన్నవాడైతే తొంగ్‌సేంగ్. స్కూల్లో, ఆఫీసులో అయితే ముందు చేరినవాడు సొన్‌బే, తర్వాత చేరినవాడు హూబే. జనవరి ఫిబ్రవరిలో పుట్టి ఒక ఏడాది ముందే బళ్లో చేరినవాళ్లుండేవాళ్లు, వాళ్లకి ప్పారున్ అని ప్రత్యేకంగా పేరు, అంటే "తొందర" పుట్టుక అన్నమాట, వాళ్లని క్లాసుని బట్టి లెక్కేయాలా పుట్టిన సంవత్సరాన్ని బట్టి లెక్కేయాలా అని పెద్దపెద్దవాళ్లు మందు దగ్గర గంటసేపు వాదించుకోవడం నా కళ్లతో చూశా. పుట్టగానే ఒకటి, జనవరి 1 రాగానే ఇంకొకటి కలిపే పాత వయసు లెక్కని 2023 జూన్ 28 నుంచి చట్టంలో తీసేశారు, అందరూ ఒకటి రెండేళ్లు చిన్నవాళ్లయిపోయారని జోకులు వేసుకున్నారు. మా పాత కొలీగ్స్‌ని అడిగితే కాగితాల మీద మారింది కానీ కొత్తవాడు కలిస్తే ఇప్పటికీ అడిగేది "నువ్వు ఏ ఏడు పుట్టావ్" అనే అన్నారు.

ఇక ఒప్పా. ఆడపిల్ల తనకన్నా పెద్ద అబ్బాయిని ఒప్పా అంటుంది, పెద్ద అమ్మాయిని ఒన్నీ అంటుంది. మగవాడు పెద్ద అబ్బాయిని హ్యొంగ్ అంటాడు, పెద్ద అమ్మాయిని నూనా అంటాడు. పిలిచేవాళ్లు ఆడో మగో బట్టి మాట మారుతుంది, మనకి అన్న అంటే ఎవరు పిలిచినా అన్నే. సొంత అన్న, కాలేజీ సీనియర్, బాయ్‌ఫ్రెండ్, కొందరికి మొగుడు కూడా, అందరూ ఒప్పానే. మనకి ఇది వినడానికి ఇబ్బందిగా ఉంటుంది ఎందుకంటే మన దగ్గర అమ్మాయి "అన్నయ్యా" అందంటే ఆ అబ్బాయి కథ అక్కడితో ముగిసినట్టే. అక్కడ ఒప్పాతోనే కథ మొదలవుతుంది. ఎందుకీ తేడా అంటే నాకు తోచింది ఒకటుంది, చుట్టరికం మాటలు మనకి పెళ్లి వరసలు కూడా చెప్తాయి, బావ అంటే ఒకటి అన్న అంటే ఒకటి. కొరియాలో రక్తసంబంధం అంటేనే పెళ్లి లేదు కాబట్టి ఆ మాటలకి వరస కాపలా కాసే డ్యూటీ లేదు.

వాళ్ల చుట్టరికం లెక్కే వేరు, దాన్ని ఛోన్ అంటారు, నిజంగా అంకెలు. అమ్మానాన్నలకి బిడ్డ 1, అన్నదమ్ములు 2, బాబాయి 3, ఆయన పిల్లలు 4. బాబాయిని పిలిచే సామ్‌ఛోన్ అనే మాటలోనే మూడు ఉంది, కజిన్‌ని అనే సాఛోన్‌లో నాలుగు ఉంది. మొగుడూపెళ్లాలు 0, ఎంత దగ్గరంటే దూరమే లేదు, విడిపోతే అసలేమీ కాదు అని రెండు రకాలుగా చెప్తారు. 8 ఛోన్ లోపల పెళ్లి చట్టరీత్యా కుదరదు. పైగా ఒకే ఇంటిపేరు, ఒకే మూలస్థానం ఉన్నవాళ్లు, అంటే గింహే కిమ్ అబ్బాయి గింహే కిమ్ అమ్మాయి, ఎన్ని తరాల దూరమైనా పెళ్లి చేసుకోకూడదని చట్టం ఉండేది, మన సగోత్రం లాంటిదే, 1997లో రాజ్యాంగ కోర్టు కొట్టేసింది, 2005లో సివిల్ కోడ్ నుంచే తీసేశారు. కిమ్, లీ, పార్క్ ఈ మూడు ఇంటిపేర్ల వాళ్లే దేశంలో 40 శాతం పైన ఉంటారు, ఊహించుకో ఎంతమంది లవర్స్ ఇరుక్కుని ఉంటారో. ఒకసారి డిన్నర్‌లో మా వైపు మేనమామ కూతుర్ని చేసుకుంటారు, ఒకప్పుడు అక్క కూతుర్ని కూడా చేసుకునేవాళ్లు అని నేను మామూలుగా చెప్పేశా, వాళ్లు మనసులో లెక్కేసుకున్నారు, నాలుగు, మూడు... చాప్‌స్టిక్స్ కింద పెట్టేశారు. మళ్లీ ఆ టాపిక్ ఎత్తలేదు నేను.

కజిన్స్ దాకా వచ్చాం కాబట్టి ఆడమగ తేడా కూడా ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే భాషలో సమాజం కనబడటం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. నాన్నమ్మని హల్మొని అంటారు, అమ్మమ్మని వే-హల్మొని అంటారు, ఆ "వే" అంటే బయటి అని. అమ్మని కన్న తల్లి బయటిది! పెళ్లయిన అమ్మాయి మొగుడి తమ్ముణ్ణి తొర్యొన్నిమ్ అనాలి, చిన్న ఆడపడుచుని అగాస్సి అనాలి, ఇవి ఒకప్పుడు పనివాళ్లు చిన్నదొరగారు, అమ్మాయిగారు అని యజమాని పిల్లల్ని పిలిచిన మాటలు. అదే మొగుడు పెళ్లాం తమ్ముణ్ణి ఛోనమ్ అంటాడు, చెల్లెల్ని ఛోజె అంటాడు, "గారు" లేదు ఏమీ లేదు. అత్తారిల్లు ఆవిడకి షిదేక్, దేక్ అంటే మర్యాదగా ఇల్లు. ఆయనకి అత్తారిల్లు ఛోగా, గా అంటే ఉత్త ఇల్లు. దీని మీద అక్కడ పెద్ద రచ్చే జరిగింది, పండక్కి వెళ్లిన కోడళ్లు పిటిషన్లు పెట్టారు, చివరికి 2020లో జాతీయ కొరియన్ భాషా సంస్థ ఇచ్చిన గైడ్‌లో పేరు పెట్టి కూడా పిలుచుకోవచ్చు అని రాశారు. మనం నవ్వుకోనక్కర్లేదు, పెళ్లాన్ని వాళ్లు చిప్‌సారమ్ అంటారు, ఇంటి మనిషి, మన "మా ఇంటావిడ"కి అచ్చు కాపీ.

హోటల్లో వడ్డించే ఆవిడని ఇమో అని పిలుస్తారు, అంటే అమ్మ తోడబుట్టినావిడ, పెద్దమ్మో పిన్నో. కోమో, అంటే మేనత్త, అని ఎవ్వరూ పిలవరు. ఎందుకంటే నాన్న వైపు అంటే బాధ్యత, పూజలు, పెత్తనం, అమ్మ వైపు అంటే కొసరి వడ్డించడం అని మా హోటల్ ఇమోనే చెప్పింది, ఇంతకన్నా మంచి వివరణ నాకు ఏ ప్రొఫెసర్ దగ్గరా దొరకలేదు. బయటిది అని పేరు పెట్టిన వైపు నుంచే ఆప్యాయత మాట తెచ్చుకున్నారు, అదీ తమాషా.

"ఉరి" గురించి చెప్పకపోతే ఎలా. కంగారు పడకు, ఉరి అంటే మన, మా. నా అనే మాట ఉన్నా మా అమ్మ, మా ఇల్లు, మా దేశం అనే అంటారు, ఒక్కడే కొడుకైనా "ఉరి ఒమ్మా". ఆవిడ మొగుణ్ణి కూడా "ఉరి నాంప్యొన్" అంటుంది. ఇంగ్లీషువాళ్లు మా మొగుడా అని నోరు తెరుస్తారు, దీని మీద సామూహిక సంస్కృతి అని పెద్దపెద్ద వ్యాసాలు రాస్తారు, మనవాళ్లెవరైనా "మా ఆయన" అనే కదా అంటారు, అందులో వింతేముంది? నాకు వింతగా అనిపించింది వేరేది. ఉరికి అణకువ రూపం ఒకటుంది, చొహీ, పెద్దవాళ్ల దగ్గర "మా కంపెనీ" అనాలంటే చొహీ వాడాలి. కానీ దేశం గురించి మాత్రం చొహీ అనకూడదు, ఎంత పెద్దవాడి ముందైనా "ఉరి నారా" అనే అనాలి, టీవీలో ఎవరైనా పొరపాటున చొహీ నారా అన్నారంటే జనం ఊరుకోరు. దేశాన్ని తగ్గించి మాట్లాడటం ఎవరి ముందూ కుదరదన్నమాట. ఒకప్పుడు భాషనే లాక్కోబోయినవాళ్లకి ఈ పట్టింపు ఉండటం నాకు అర్థమవుతుంది. జపాన్ పాలనలో 1938 నుంచి బళ్లలో కొరియన్‌ని పక్కకి నెట్టేశారు, 1940లో జపనీస్ పేర్లు పెట్టుకోమన్నారు, 1942లో డిక్షనరీ తయారుచేస్తున్న భాషా సంఘం వాళ్లని అరెస్ట్ చేశారు, వాళ్ల చేతిరాత కాగితాలు యుద్ధం అయిపోయాక 1945లో సోల్ రైల్వే స్టేషన్ గోడౌన్లో దొరికాయి.

లిపి కథ నీకు తెలిసే ఉంటుంది, సెజోంగ్ రాజు 1443లో తయారుచేసి 1446లో ప్రకటించాడు, 28 అక్షరాలు, ఇప్పుడు 24 వాడతారు. చెప్పుకోవాలనుకున్నది చెప్పుకోలేకపోతున్న మామూలు జనం కోసం చేశానని ఆయనే ముందుమాటలో రాసుకున్నాడు. 1444లోనే ఛ్వే మల్లి అనే పండితుడు చైనా లిపి వదిలేసి సొంత లిపి పెట్టుకునేది అనాగరికులే అని అర్జీ పెట్టాడు. తర్వాత నాలుగు వందల ఏళ్లు పెద్దమనుషులు దాన్ని ఆడవాళ్ల రాత అని చిన్నచూపు చూశారు, 1894లో గానీ సర్కారు కాగితాల్లోకి రాలేదు. ఆ పై మెట్టు కింద మెట్టు ఇప్పటికీ మాటల్లో ఉంది, అచ్చ కొరియన్ మాట మామూలుది, చైనా నుంచి వచ్చిన మాట గౌరవం. వయసుకి నాయి అచ్చ మాట, పెద్దాయన వయసైతే చైనా మాట యొన్సె. మన పేరు, నామధేయం లాగే. గడియారం చూడు ఇంకా నవ్వొస్తుంది, గంటలు అచ్చ కొరియన్ అంకెల్లో, నిమిషాలు చైనా అంకెల్లో చెప్పాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం తిండి. మనకి నారు, వరి, బియ్యం, అన్నం అని వేరేవేరే మాటలున్నట్టే వాళ్లకీ మో, ప్యొ, స్సల్, బప్ ఉన్నాయి, ఇంగ్లీషులో అన్నిటికీ కలిపి రైస్ ఒక్కటే. ఎదురుపడితే తిన్నావా అని అడగటం కూడా మనలాగే, నిజంగా తినకపోతే చెప్పాలని కాదు. పెళ్లెప్పుడు అని అడగాలంటే మనం పప్పన్నం ఎప్పుడు పెడతావ్ అంటాం, వాళ్లు నూడుల్స్ ఎప్పుడు పెడతావ్ అంటారు. మనవాడు జైల్లో చిప్పకూడు తింటే వాళ్లవాడు బీన్స్ అన్నం తింటాడు. ఉద్యోగం పోతే అన్నం తాడు తెగిందంటారు, పట్టించుకోకుండా పక్కన పడేస్తే చద్దన్నం అయిపోయా అంటారు. పరీక్ష తప్పితే సముద్రపు నాచు సూప్ తాగాడంటారు, జారుడుగా ఉంటుంది కాబట్టి, అందుకే పరీక్షకి ముందు అతుక్కునే జీడిపాకం లాంటి మిఠాయి ఇస్తారు, అతుక్కోవడం అన్నా పాసవడం అన్నా ఒకే క్రియ మరి. విచిత్రం ఏంటంటే అదే నాచు సూప్ పుట్టినరోజుకి తాగాలి. పరీక్ష రోజే పుట్టినరోజు అయినవాడి గతి ఏంటో నేను అడిగితే సాయంత్రం తాగుతాడు అన్నారు.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న, ఇదంతా నిజమా యూట్యూబ్ మాటలా. నా లెక్కలో సగం సగం. నున్‌చి, అంటే ఎదుటివాడి మొహం చూసి పరిస్థితి పసిగట్టడం, అది నిజం, ఫ్యాక్టరీలో షిఫ్ట్ అయిపోయినా పెద్దాయన లేచేదాకా ఎవరూ లేవరు, ఎవరూ చెప్పరు కూడా. "హాన్" అని కొరియా వాళ్ల రక్తంలోనే ఏదో తీరని దుఃఖం ఉంటుంది అని చెప్పే వీడియోలు మాత్రం స్కిప్ చేసెయ్, ఎనిమిదేళ్లలో మామూలు మాటల్లో ఆ పదం వాడినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలాగే కొరియన్, తమిళం అక్కాచెల్లెళ్లు, అమ్మా అప్పా ఒకటే కదా అనేది కూడా. 1905లోనే హల్బర్ట్ అనే అమెరికన్ ద్రావిడ భాషలతో పోలుస్తూ పుస్తకం వేశాడు, భాషాశాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. పిల్లలు ఏ దేశంలోనైనా మా, పా అనే మొదలుపెడతారు.

ఇంకోటి, భాష అలా ఉంది కాబట్టి వాళ్లు అలాగే ఉంటారు అనుకోకు, వాళ్లే దాంతో కుస్తీ పడుతున్నారు. 2002 వరల్డ్ కప్‌కి వచ్చిన డచ్ కోచ్ హిడింక్ గ్రౌండ్లో హ్యొంగ్ అనడాలు వద్దు పేర్లు పెట్టి అరుచుకోండి అన్నాడని అందరూ చెప్పుకుంటారు, ఆ టీమ్ సెమీఫైనల్ దాకా వెళ్లింది. సీజే కంపెనీ 2000లోనే హోదా పేర్లు తీసేసి అందరికీ పేరు పక్కన నిమ్ పెట్టింది, మెసేజింగ్ యాప్ కంపెనీ కకావో వాళ్లయితే ఏకంగా ఇంగ్లీష్ పేర్లు పెట్టుకున్నారు, ఇంగ్లీష్ పేరుకి గారు తగిలించాల్సిన పని లేదు కదా. ఇంకోపక్క మర్యాద ఎక్కువైపోయి కాఫీ షాపుల్లో పిల్లలు "కాఫీగారు వచ్చేశారండి" అంటారు, కస్టమర్ మీద భయంతో కాఫీకి కూడా "షి" పెట్టేస్తారు, వ్యాకరణం పండితులు నెత్తి కొట్టుకుంటారు. ఆ భయం పుట్టించే పెత్తనానికి పేరు కూడా ఉంది, కప్‌జిల్. ఒప్పంద పత్రాల్లో మొదటి పార్టీని కప్ అని, రెండో పార్టీని ఉల్ అని రాస్తారు, కప్ ఉల్ నెత్తి మీదెక్కితే అది కప్‌జిల్. తనకన్నా చిన్నవాళ్లకి క్లాసులు పీకే ముసలి బుద్ధివాడికి కొందె అని పేరు, ముప్పైలో ఉన్నవాడు కూడా కొందె కావచ్చు. సరిహద్దు అటువైపు సంగతి ఒక్క ముక్కలో చెప్తా, తొంగ్‌ము అంటే ఒకప్పుడు దేశమంతా స్నేహితుడనే అర్థం, ఉత్తరాన కామ్రేడ్ అని వాడటం మొదలయ్యాక దక్షిణాన ఆ మాటని నోటితో అనడమే మానేశారు.

నేర్చుకోవడానికి ఏది ముందు అంటావేమో. "యో" పట్టుకో, మిగతావి తర్వాత. పన్మల్ డ్రామాల్లో విని ఎవరి మీదా ప్రయోగించకు, వాళ్లు దించమనేదాకా ఆగు. అవును, దాన్ని అలాగే అంటారు, మాట దించుకుందామా అని. పెద్దవాడే అడగాలి.

నేను వచ్చేసే ముందు రాత్రి, మొదట్లో నేను తంగ్‌షిన్ అన్న ఆ సెక్షన్ పెద్దాయనే, అప్పటికి రిటైర్ అయిపోయాడు, సోజు పోస్తూ "ఇక క్వాజంగ్‌నిమ్ లేడు, మాట దించు, హ్యొంగ్ అను" అన్నాడు. సరే అని గ్లాసెత్తి "హ్యొంగ్, బాగా తిను" అని పన్మల్‌లోనే మొదలుపెట్టా, నోరు ఒప్పుకోలేదు, చివర్లో యో వచ్చేసింది. ఆయన టేబుల్ కొట్టి నవ్వాడు. ఇప్పటికీ వీడియో కాల్లో హ్యొంగ్ అనే పిలుస్తా, యో మాత్రం పోలేదు.